మరియమ్మ పిన్ని గొంతు

అక్కా,

నువ్వు పోయాక నీ కంప్యూటర్‌లో సరదాకి నేను పాటలు చేసుకుంటున్నాను. నువ్వు వాడిన మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ బాగా పాతదైపోయింది. కొత్త వెర్షన్ గొంతులో తేడాల్ని దానంతటదే సరిచేస్తుందని బ్రాడీపేట షాపులో చెబితే, కొనేముందు ట్రయల్ వేయించుకున్నాను.

నిన్న మన చర్చిలో పాడే మరియమ్మ పిన్ని ఇంటికొచ్చింది. నువ్వు రికార్డు చేసిన తన పాటనే కొత్తదాంట్లో సరిచేసి వినిపించాను. ఎక్కడా అపశ్రుతి లేదు.

"ఎవర్రా ఈ పిల్ల? బాగా పాడింది," అంది పిన్ని.

"నువ్వే పిన్నీ!"

"నేనా? మిరపకోతల్లో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతురా నాది."

అప్పుడు అదే పాటని పాత వెర్షన్‌లో నువ్వు చేసినట్టే పెట్టాను. గొంతు బొంగురుగానే ఉంది. నువ్వు దాన్ని దిద్దలేదు. ఆమె ఊపిరి తీసుకునే చోట నీ హార్మోనియం తగ్గించి, ఆమె ఆగిన చోట ఆగి, పాటంతా ఆమె వెనకే నడిచావు. అంత ఓపిక నీకు ఎక్కడిదక్కా?

పిన్ని కళ్లు తుడుచుకుని, "ఇదిగో, ఇది నేను," అంది.

ట్రయల్ తీసేశాను. ఈ ఆదివారం పిన్ని కొత్త పాట పాడతానంది. హార్మోనియం నన్నే వాయించమంది.