శీను మేనమామ రక్తం

మార్చి 4
మనుమరాలు కవితకు ఎల్లుండి ఆపరేషన్. మాయ కిందికి దిగిందట, కాన్పుల రక్తం బాగా పోతదట. రెండు బాటిళ్లు చేతిలో లేంది మొదలుపెట్టనంటున్నది డాక్టరమ్మ. ఓ నెగటివ్. నల్లగొండంతా గాలిస్తే దొరికింది ఒక్కటి. నాదీ అదే గ్రూపు. చెయ్యి చాపిన. నర్సు వయసడిగింది. డెబ్బై ఒకటి. ‘అవ్వా, నీకే ఎక్కియ్యాలె.’

సాయంత్రం
కవిత అత్త అనసూయ ఫోన్, కొత్తకోట నుంచి. ముక్కుమొఖం తెల్వనోళ్ల రక్తం కోడలికి ఎక్కనియ్యదట. ఇంటి మగోళ్లను తోలుకొస్తదట. పెండ్లికి జాతకాలు మూడు చోట్ల చూపించిన మనిషి, గ్రూపు ఒక్కసారి అడగలేదు. నెగటివ్‌కు పాజిటివ్ పడదని బడిలో ముప్పై ఏండ్లు చెప్పిన. ఫోన్లో మళ్లా చెప్పిన.
‘రక్తం ఎవలదైనా ఎర్రగనే ఉంటది గద అత్తమ్మా’ అన్నది అనసూయ.
మరి ముక్కుమొఖం ఎందుకో.

మార్చి 5
అనసూయ జీపు దిగింది. వెంట ఏడుగురు మగోళ్లు. దారిలో ఈతవనం కాడ ఆపి తలా రెండు సీసాల కల్లు... రక్తమిచ్చే ముందు ఒంట్లె బలం పట్టాలెనని తాపించింది అనసూయే. రక్తనిధిలో వాసనకే వెనక్కి పంపిన్రు. రేపు రమ్మన్నరు.
గ్రూపులన్నా చూడమని బతిమాలిన. ఆరుగురు పాజిటివ్. ఏడోది అనసూయ తమ్ముడు, కవిత మొగుడు శీనుకు మేనమామ — యాదగిరి. ఓ నెగటివ్. మూడు సీసాలు తాగింది కూడా ఆయనే.

మధ్యాహ్నం
యాదగిరి నా ఇంట్లనే. కల్లు దుకాణం సందు చివర. చెప్పులు బీరువాలో పెట్టి తాళమేసిన.
‘నేనేమన్న దొంగనా అత్తమ్మా?’
‘కాదు. రెండో బాటిల్‌వు.’

మార్చి 6
జొన్నరొట్టె, పప్పు పెట్టిన. నోరు వాసన చూసిన. ఈ వయసుకు ఈ పని కూడా మిగిలింది.

పదకొండు
ఇచ్చిండు. సూది చూసి ‘అక్కా’ అన్నడు. అంత మీసం.
అనసూయ వార్డులో అందరికీ చెప్తున్నది, మా ఇంటి రక్తమే అక్కరకొచ్చిందని. మిగతా ఆరుగురి సంగతి నోటిదాకా వచ్చింది. మింగిన — కవిత వింటున్నది.

మూడున్నర
నాలుగుకు ఆపరేషన్. ఇంకా కవిత రక్తం, యాదగిరి రక్తం కలిపి చూస్తున్నరు. మొదటి కాన్పప్పుడు కూడా రక్తమెక్కింది కవితకు... అట్లయితే గ్రూపు ఒకటైనా ఒక్కోసారి సరిపడదట. ఇది నేను బడిలో ఎన్నడూ చెప్పలేదు. నాకే తెల్వదు.
యాదగిరి బెంచీ మీద, మోచేతికి దూది అదుముకొని. ఊరికి పొమ్మన్నా పోలేదు.
‘నాది పనికొస్తది గద అత్తమ్మా?’
పక్కన కూసున్న.