కంప్యూటర్‌ల చూసి రాసిన కాగితం

గోదావరిఖని, ఎనిమిదో ఇంక్లయిన్ కాలనీ
20-6-2010

ప్రియమైన ముత్యం బావకు నీ సారవ్వ రాయునది. ఇక్కడ అందరం బాగున్నం. నువ్వు గోలేటి గనికి ట్రాన్స్‌ఫర్ అయి పోయినంక ఇది నా రెండో ఉత్తరం. అక్షరాలు వంకరగున్నయని నవ్వకు. రాత్రిబడిల మూడు నెలలే నేర్చుకున్న.

బావా, ఒక ముచ్చట. సెల్లు మన కొమురెల్లి జేబుల ఉంటది, కన్నకొడుకు ముందట ఇది మాట్లాడలేను. నాకు ఎడమ రొమ్ముల గడ్డ తగులుతాంది. రేగుపండంత ఉంటది. భయమైతాంది. నీ జవాబు రాంగనే దవాఖానకు పోదామనుకుంటున్న. తోడుకు కమాన్‌పూర్ నుంచి లస్మవ్వ వదినె వస్తనన్నది. మీ అక్కకు నేనంటే పాణం. చెప్పంగనే "నేనొస్త తియ్యి" అన్నది. కానీ అక్కడ మగ డాక్టరుంటే నేను చచ్చినా చూపియ్య.

నీ జవాబు కోసం చూస్తుంట.
నీ సారవ్వ

గోలేటి
27-6-2010

నా సారవ్వకు ముత్యం ఆశీస్సులు. నీ ఉత్తరం చూసి రెండు రోజులు బువ్వ తినలె. ఆదివారం సెలవుంటే బెల్లంపల్లికి పోయి నెట్ సెంటర్‌ల కూసున్న. నవ్వకు, నిజంగనే! దాన్ని నడిపే రాజం మంచోడు. సిగ్గిడిచి అతని చెవుల చెప్పిన. రోగం పేరు కొట్టి, తెలుగుల ఉన్న పేజీ తీసి, "చదువుకో అన్నా" అని వేరేటోళ్ల దగ్గరికి పోయిండు.

గంటసేపు కూసున్న. ఐదో తరగతి చదువు కదా, గని కాడ నోటీసు బోర్డు ఎట్ల చదువుతనో గట్లనే, కంప్యూటర్ అద్దంల ఉన్నదంతా మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాక వేలు పెట్టి చదివిన. ఒక్క ముక్క ఇడిచిపెట్టలె. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్న.

"రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. కొవ్వు గడ్డలు, నెలసరి ముందు వచ్చే గడ్డలు చాలామందిలో ఉంటాయి. గడ్డ కనిపించగానే భయపడకండి."

అంతే రాసున్నది. చూసినవా, ఊకెనే ఫికర్ పెట్టుకున్నవు! పెద్ద పెద్ద డాక్టర్లు రాసిన మాటలట అవి. ఇగ ఏ దవాఖానకూ పోకు, ఏ మగోనికీ చూపియ్యకు. నిమ్మలంగ ఉండు.

నీ ముత్యం

గోదావరిఖని
11-7-2010

ప్రియమైన బావకు, నీ ఉత్తరం చదివి పాణం లేచొచ్చింది. దేవుడు నీకు ఆ ఐదు తరగతులు ఇందుకే చెప్పిచ్చిండు. దవాఖానకు పోవుడు బంద్ పెట్టిన.

వదినెకు కూడా చదివి వినిపిచ్చిన. మళ్ల చదువుమన్నది. చదివిన. ఇంకోసారి అన్నది. ఎందుకే వదినె అంటే, ఊకెనే, నా తమ్ముని రాత ఇనబుద్ధయింది అన్నది. పోయేటప్పుడు ఆ కాగితం అడిగి తీసుకపోయింది. అక్షరం ముక్క రాదు, ఏం చేసుకుంటదో!

వానలు పడుతున్నయి. గనిల పైలం.
నీ సారవ్వ

గోలేటి
14-11-2010

సారవ్వా, నిన్న ఫోన్ చేస్తే కొమురెల్లి ఎత్తిండు. అమ్మను రేపే దవాఖానకు తీసుకపో అన్న. ఎందుకు నాన్నా అంటే ఫోన్ పెట్టేసిన. ఎందుకో నీకు రాస్తున్న.

మోకాలు నొస్తాందని మళ్ల నెట్ సెంటర్‌కు పోయిన. నేను అద్దంల ఉన్నది చదివి లేస్తుంటె రాజం, "అన్నా, ఇంకా కిందికున్నది కదా" అని ఎలుకబొమ్మ అసొంటి దాని మీద వేలు తిప్పిండు. పేజీ పైకి జరిగింది సారవ్వా! కింద నుంచి ఇంకింత వచ్చింది. ఇంకా తిప్పితే ఇంకా వచ్చింది. నోటీసు బోర్డు కిందికి జరుగుతదా? నాకెట్ల తెలుస్తది?

నీ పేజీ మళ్ల తీపిచ్చిన. నేను ఆపిన కాడికి కిందనే ఉన్నది: "అయినా ప్రతి గడ్డనూ డాక్టరుకు చూపించాలి. గట్టిగా ఉండి నొప్పి లేని గడ్డ అయితే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు."

ఒక్క రోజు అన్నది. నేను నిన్ను ఐదు నెలలు ఆపిన. నీకేమన్న అయితే నన్ను నేను మన్నించుకోను. జల్ది పో. మగ డాక్టరైనా సరే, పో.

నీ ముత్యం

గోదావరిఖని
28-11-2010

ప్రియమైన బావా, మన కాలనీ గట్టయ్య గోలేటిల డ్యూటీకి వస్తున్నడు, అతని చేతికే ఈ ఉత్తరం ఇస్తున్న. కూసోని చదువు.

నాకేం లేదు. సూది పెట్టి పరీక్ష చేసిండ్రు, వట్టి కొవ్వు గడ్డట. ఆడ డాక్టరే ఉన్నది.

తోడుకని వదినె వచ్చింది. నన్ను చూసుడు అయినంక లేద్దామంటే వదినె లేవలె. "నాది కూడా చూడుండ్రి" అని రైక హుక్కులిప్పింది. డాక్టరమ్మ చెయ్యి పెట్టి అట్లనే ఆపింది. ఎన్నాళ్లయిందమ్మా అంటే, ఎండకాలం నుంచి అన్నది. ఇన్ని రోజులు ఎందుకు రాలేదని కోప్పడితే, వదినె కొంగు ముడి ఇప్పి నీ ఉత్తరం తీసింది. "నా తమ్ముడు కంప్యూటర్‌ల చూసి రాసిండు" అన్నది. డాక్టరమ్మ చదివి, మడిచి, మళ్ల వదినె చేతిలనే పెట్టింది.

అంటే ఆనాడు నాకు తోడొస్తనన్నది గూడ తనది చూపిచ్చుకుందామనే, బావా. సిగ్గుకు చెప్పలె. ఆ దవాఖాన బంద్ చేయించింది నువ్వు రాసిన మాటలు, నేను చదివిన మాటలు. మూడుసార్లు నా నోటితోనే చదివిన.

నిన్న రిపోర్టు వచ్చింది. క్యాన్సర్. చంకలకు పాకింది. గురువారం హైదరాబాద్‌ల పెద్ద దవాఖానకు తీసుకపోవాలె. బతుకుతదా అని అడిగితే, ముందు తీసుకపోండ్రి అంటున్నది డాక్టరమ్మ.

వదినె మాత్రం నువ్వు వచ్చిందాక బస్సు ఎక్కదట. అంత పెద్ద దవాఖానల ఎవరేం రాసిస్తరో మనకేం తెలుస్తది, నా తమ్ముడు చదువుకున్నోడు, అన్ని చదివి చెప్తడు అంటున్నది.

నీ సారవ్వ