ఏ మిషను కొనాలని అడిగావు

తిరుత్తణి,
బుధవారం.

చిరంజీవి తణికైవేలుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ. అది రాసేశాననుకుని ముందుకు చదువు. నువ్వు ధర్మలింగం చేతికిచ్చి పంపిన ఉత్తరం ఆదివారమే అందింది. మీరు పనిచేసే కాట్టుపల్లి నుంచి వచ్చినవాడు తన ఇంటికైనా పోకుండా నేరుగా మన గడపలోకి వచ్చి ఇచ్చాడు. నీకు మంచి స్నేహితుడే దొరికాడు. రేపు మళ్ళీ పనికి వెళ్తాడట. ఈ జవాబూ, చెల్లెలు నివేద ఉతికి మడత పెట్టిన నీ చొక్కాలూ అతనికే ఇస్తాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోను ఎప్పుడూ మీ నాయన తలగడ కిందే. ఉన్నది ఒక్క గది, నేనేం మాట్లాడినా ఆయన చెవిన పడుతుంది. నేను నగరిలో చదువుకున్నదాన్ని కాబట్టి నీకు పలక మీద తెలుగు దిద్దించాను. అరవం చాలదా అని అప్పుడు ఏడ్చి గోల చేశావు. ఇప్పుడు అదే పనికొచ్చింది. కూడబలుక్కునైనా నువ్వే చదువుకో, ఎవరిచేతా చదివించుకోకు. మీ నాయనకు అరవం అక్షరాలే వచ్చు. ఆయన ఎదుట కూర్చునే రాస్తున్నా ఇందులో ఏముందో ఆయనకు తెలియదు.

నీ మొదటి ప్రశ్న. మేస్త్రీ కింద కూలికి పోవడం మానేసి, గోడలకూ స్లాబులకూ రంధ్రాలు వేసే పని సొంతంగా పట్టాలనుకుంటున్నావు. ఏ హ్యామర్ డ్రిల్లింగ్ మిషను కొనాలో నాయననడిగి రాయమన్నావు. ఆ ముక్క చదివి వినిపించగానే ఆయన లేచి గోడకు చేరబడి కూర్చున్నాడు. నీకు పెళ్ళిసంబంధం వచ్చిందన్నా అంత సంతోషపడడు.

"అయిదు కిలోలదే కొనమని రాయి మే. రెండు కిలోలది ఏసీలు బిగించేవాళ్ళకి. వాడేమన్నా పటాలు తగిలించేదానికి పోతా ఉండాడా?" అని, దగ్గు తెర ఒకటి వచ్చి పోయాక మళ్ళీ మొదలుపెట్టాడు. స్లాబులో ఇనుప కమ్మీ తగిలి బిట్టు ఇరుక్కుంటే మిషను గిర్రున తిరిగి మణికట్టు విరిచేస్తుందట. అందుకని క్లచ్చు సరిగ్గా జారుతుందో లేదో కొనేముందే చూసుకోవాలట. మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్షులు తిరువళ్ళూరులో దొరికే రకమే తీసుకోవాలట, లేకుంటే వాటి కోసం మెడ్రాసు దాకా తిరగాలట. "ఇప్పుడు మిషనుకి దుమ్ము పీల్చే డబ్బా ఒకటి తగిలించి అమ్ముతా ఉండారు. అదెల్లాం వద్దు. బరువు, పని సాగదు. నేనేమన్నా డబ్బాతో చేసినానా?" అన్నాడు.

కాసేపు ఊపిరి కూడదీసుకుని, "అంత పెద్దది వాడొకడే పట్టలేడులే. ఆడికృత్తిక తిరనాళ్ళకి నేను లేస్తా. తర్వాత ఇద్దరం పోతాం" అన్నాడు. అయిదు కిలోలది ఎందుకో నాకప్పుడు అర్థమైంది. ఆయన ఎంచింది నీ ఒక్కడి కోసం కాదు, తనకూ కలిపి.

రెండో ప్రశ్న, నాయన దగ్గు ఎలా ఉంది, టీబీ మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడా అని. ఆ మాత్రలు ఆపేశారు. పోయిన వారం నివేదా నేనూ ఆయన్ని తిరువళ్ళూరులో ఊపిరితిత్తుల డాక్టరమ్మకు చూపించాం. ఆమె ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, ఆయన్ని బయట కూర్చోబెట్టి, ఏం పని చేసేవాడని అడిగింది. మగ్గం వదిలేశాక డ్రిల్లింగ్ పనేనని చెప్పాను. తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో లేచిన ఇళ్ళకు ఎన్ని రంధ్రాలు వేశాడో ఆయనకే తెలియదు. బోల్టు గట్టిగా పట్టాలంటే లోపల పొడి ఉండకూడదని, సన్న గొట్టం పెట్టి నోటితో ఊదేవాడనీ, అదంతా తిరిగి ఆయన ముఖం మీదికే వచ్చేదనీ చెప్పాను.

"ఇది టీబీ కాదమ్మా. రాతి దుమ్ము. లోపల గట్టిపడిపోయింది. దీన్ని తీసే మందు లేదు" అంది ఆమె.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "పనినుంచి వచ్చినప్పుడల్లా బెల్లం పెట్టినా కదమ్మా. దుమ్మంతా దాంతో దిగిపోతాదంట కదా?"

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "బెల్లం పోయే దారి వేరు, దుమ్ము పోయే దారి వేరు" అంది.

నివేద కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కుని వచ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మన వీధిలో సిమెంటు పనికీ రాతి పనికీ పోయే ప్రతి ఇంట్లోనూ సాయంత్రానికి ఓ బెల్లం ముక్క తీసి ఉంచుతారు. మేస్త్రీలు కూడా బెల్లం పంచి, మనుషుల్ని కాపాడినట్టే చేతులు దులుపుకుంటారు. అందరం నమ్మాం. నమ్మక ఏం చేస్తాం, మన చేతికి అందే మందు అదొక్కటే.

ఆయనకింకా చెప్పలేదు. మాత్రలు మార్చారని మాత్రం చెప్పాను. ఆడికృత్తిక దాకా ఉంటాడా అని అడిగితే, దూరాన ఉన్న పిల్లలుంటే పిలిపించుకోమంది డాక్టరమ్మ. సెలవు అడుగు. ఇవ్వకపోయినా రా.

మిషను సంగతి ఇక నా మాటగా విను. రెండు కిలోలదే కొను. దుమ్ము పీల్చే డబ్బా ఉన్నదే కొను. పని నిదానమైతే కానివ్వు, పక్కవాళ్ళు ఎగతాళి చేస్తే చెయ్యనీ. రంధ్రంలోకి నోటితో ఊదకు. తుండుగుడ్డ కట్టుకుని అదే చాలనుకోకు, దుమ్ము ఆపే మంచి మాస్కు వేసుకో. నాయన అడిగితే మాత్రం అయిదు కిలోలదే చూసి పెట్టాను, నువ్వు లేచి వస్తే ఇద్దరం పనికి పోదాం అని చెప్పు. అబద్ధమాడితే నోట్లో కారం కొడతానని నిన్ను పెంచినదాన్ని నేనే, ఇది ఆడమంటున్నదీ నేనే.

చివరగా, బెల్లం అయిపోయింది పంపమన్నావు. పంపకూడదనే అనుకున్నాను. ఆయనకు అనుమానం రాకుండా ఆయన ముక్క ఆయనకు పెడుతూనే ఉన్నాను, తింటున్నాడనే అనుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తుంటే తలగడ కిందినుంచి కాగితం పొట్లం ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టాడు. విప్పితే అన్నీ నేను పెట్టిన ముక్కలే.

"నేనిప్పుడు ఇంట్లోనే కదా ఉండేది. దుమ్ములో ఉండేది వాడు. వాడికి పంపు" అన్నాడు.

పంపుతున్నాను. పారెయ్యకు నాయనా, మీ నాయన నోరు కట్టుకుని దాచిపెట్టినవి. తీపి కోసం తిను. దుమ్ము పోతుందని మాత్రం తినకు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అమ్మ వళ్ళియమ్మ.