భుజం మీది పిన్ను

అన్నా, గిరాకీలకు చూపించడానికి చీర కట్టుకున్నప్పుడు నీకది పని మాత్రమేనా? నువ్వు పోయాక కూడా ఇదే అడుగుతున్నాను.

చీరల మార్కెట్లో సేల్స్‌మెన్ అందరూ చీర చుట్టుకుని చూపించేవారే. పైట భుజాన వేసుకుని, గిరాకీ చూడగానే తీసేస్తారు. నువ్వు మాత్రం చొక్కా మీదే పైటకు పిన్ను పెట్టుకునేవాడివి.

దుకాణంలో చీర కట్టుకున్న నీ ఫోటో చూసి శ్రుతి నీ బొమ్మ వేసింది. మన గోడాదరా బస్తీలో అబ్బాయిగా పెరిగి, ఇప్పుడు అమ్మాయిగా బతుకుతున్న చిత్రకారిణి. రేపు సాయంత్రం నది అవతల అడాజన్‌లో తన బొమ్మల ప్రదర్శన. నీ బొమ్మ చూపించడానికి ఇవాళ అమ్మను శ్రుతి ఇంటికి తీసుకెళ్లాను.

అమ్మ కూర్చోలేదు. "గా పిన్ను తీసెయ్ బిడ్డా. నా కొడుకు గిరాకీల కోసం కట్టిండు, గంతే."

"ఫోటోల ఉంది కదమ్మా. నన్ను నేను చూసుకున్నది గా పిన్నులనే," అంది శ్రుతి.

"నీ సంగతి నువ్వు గీసుకో. వాడు నాకేం చెప్పలే."

శ్రుతి నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పక్కా. తీసెయ్యమంటే తీసేస్త."

పొద్దున చెబుతానని వచ్చేశాను. పిన్ను తీయిస్తే నిన్ను నేనే దాచినట్టుంటుంది. ఉంచితే, నువ్వు ఎవరికీ చెప్పని మాట నలుగురిలో నేను చెప్పినట్టవుతుంది. శ్రుతికి ఏం చెప్పాలో నాకింకా తెలియడం లేదన్నా.