నలభై ఒక్క నిమిషాలు

ఆగస్టు 3, సిడ్నీ

మేం మారదామనుకున్న ఊళ్ళ జాబితాలో, ఫ్రిజ్ తలుపు మీద ఇంక రెండు ఊళ్ళే మిగిలాయి. న్యూకాసిల్, అడిలైడ్. మిగతావన్నీ మా ఆయన హ్యూయీ నల్ల మార్కరుతో కొట్టేశాడు. రెండు చోట్లా పళ్ళ సెట్లు చేసే ల్యాబులు అతన్ని రమ్మంటున్నాయి. షరతులు రెండు. అద్దె మన తాహతులో ఉండాలి. ఇంటి గడప నుంచి ల్యాబు గడప దాకా కారు లేకుండా గంటలోపు చేరాలి.

నాకు డ్రైవింగు రాదు. ఫిబ్రవరి 9న అన్నం తింటూ తింటూ ఫిట్స్ వచ్చి పడిపోయిన రోజు నుంచి అతనికి స్టీరింగు బంద్. మళ్ళీ రాకుండా ఏడాది గడిస్తేనే లైసెన్సు. ఫ్రిజ్ మీద ఓ మూల "ఫిబ్రవరి 9 – స్టీరింగ్" అని రాసి చుట్టూ పువ్వులు గీశాడు, చిన్నపిల్లాడిలా.

న్యూకాసిల్ ఇద్దరం కలిసి వెళ్ళి చూశాం. 58 నిమిషాలు. అడిలైడ్‌కి నేనొక్కదాన్నే. టాక్సీ ఎక్కకూడదు, లిఫ్ట్ అడక్కూడదు, దొంగలెక్క అస్సలు కూడదని వేలు చూపించి మరీ చెప్పాడు. సరేలే మాస్టారూ అన్నాను.

ఆగస్టు 17, అడిలైడ్, సాయంత్రం 5

ఇల్లు చూపించేది పావుగంటే. బయట ముప్ఫై మంది క్యూ. బూట్లు విప్పి లోపలికి వెళ్ళానో లేదో, వంటింటి కిటికీ. దాని అవతల నిమ్మచెట్టు. మేం నలుగురితో కలిసి ఒకటే బాత్‌రూమ్ పంచుకుంటున్నాం మూడేళ్ళుగా. ఆ కిటికీ నాకు కావాలి. అంతే.

ఇంటి నుంచి స్టేషను పది నిమిషాలు. రైల్లో ఇరవై ఐదు. దిగేసరికి ల్యాబు వైపు బస్సు తోక చూపించి పోతోంది. తర్వాతది యాభై నిమిషాలకి. వాన. ఇల్లు చూపించిన ఏజెంటు నోలీన్ అటే వెళ్తూ నన్ను చూసి కారు ఆపింది. ఎక్కమ్మా, జలుబు చేస్తే ఇంటి దరఖాస్తు ఎవరు నింపుతారు అంది. ముందు సీట్లో కూర్చున్నాను. ఆరు నిమిషాల్లో ల్యాబు.

నోట్‌బుక్కులో రాశాను: బస్సు, 6. మొత్తం 41.

ఆగస్టు 18

హ్యూయీ నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. 41 అని ఫ్రిజ్ మీద అరచేతంత రాశాడు. నా పెళ్ళాం ఊరు వెతికిందంటే ఊరే అని అందరికీ ఫోన్లు. నేను ఉల్లిపాయలు తరిగాను. కళ్ళు తుడుచుకోవడానికి వంక దొరికింది.

అక్టోబరు 14, అడిలైడ్

మొదటి రోజు. ఫ్రిజ్‌ని కూడా తెచ్చుకున్నాం, దాని మీద రాతలతో సహా. సాయంత్రం ఆలస్యంగా వచ్చాడు. ఎలా ఉందన్నాను. బానే ఉంది అన్నాడు. బస్సో అన్నాను. బస్సు కూడా బానే ఉంది అన్నాడు.

బానే ఎలా ఉంటుంది?

అక్టోబరు 30

ఎనిమిదింటి ఉద్యోగానికి ఆరుంపావుకే వెళ్తున్నాడు. ల్యాబులో కాఫీ బాగుంటుందట. బూట్ల మడమలు అరిగిపోయాయి.

చెప్పేస్తే పోయేది. చెప్పను. పిరికిదాన్ని.

నవంబరు 20

మోచెయ్యి గీరుకుపోయి వచ్చాడు. బస్సు దిగుతూ జారాడట. మందు రాస్తూ, చూసుకుని దిగొచ్చుగా అని నేనే కసిరాను! ఎంత సిగ్గులేనిదాన్ని. అతను సారీ చెప్పాడు.

డిసెంబరు 12

39 డిగ్రీలు. రెండు నీళ్ళ సీసాలు, వెడల్పాటి టోపీ. రైల్లో ఏసీ ఉంటుందిగా, ఇన్ని నీళ్ళెందుకని అడగాలి. అడగలేదు. అడిగితే నా బండారం బయటపడుతుంది.

జనవరి 8

ఇవాళ 42 డిగ్రీలు అన్నారు. ఇక నా వల్ల కాలేదు. అతను వెళ్ళాక సెలవు పెట్టి, వాచీ పెట్టుకుని బయల్దేరాను. రైలు ఆగేలోపే బస్సు వెళ్ళిపోయింది. రోజూ ఇంతే కాబోలు. నడిచాను. ఫుట్‌పాత్ లేదు. లారీలు రాసుకుంటూ పోతున్నాయి. నలభై ఆరు నిమిషాలు. మొత్తం 81.

వెనక్కి బస్సెక్కాను. స్టేషన్లో అందరిలాగే థాంక్స్ చెప్పి దిగబోతూ, ఈ రోడ్డున టోపీ పెట్టుకుని ఒకతను నడుస్తుంటాడా అని డ్రైవర్ని అడిగాను. ముసలాయన మొహం విప్పారింది. మన హ్యూయీనా అన్నాడు. తిరుగు ట్రిప్పులో రోజూ ఎదురొస్తాడట, చెయ్యి ఊపుతాడట. నవంబర్లో ఫిట్స్ వచ్చి రోడ్డు పక్కన పడి కొట్టుకుంటుంటే బస్సాపి, పక్కకి తిప్పి పడుకోబెట్టింది తనేనట. అంబులెన్స్ వాళ్ళు చూసి పంపేశారట.

భార్యకి చెప్పొద్దని బతిమాలాడమ్మా అన్నాడు. ఊళ్ళన్నీ తిరిగి ఈ ఊరు వెతికింది ఆవిడేనట, తెలిస్తే కుమిలిపోతుందట. అంత మంచి పిల్లాడు. నీకేమవుతాడు?

తెలిసినవాడు అన్నాను.

జనవరి 9, పొద్దున 6

ఫ్రిజ్ మీద 41 కొట్టేసి 81 రాశాను. పక్కన "నోలీన్ కారు" అని కూడా రాశాను.

హ్యూయీ చదివాడు. నా చేతిలో మార్కరు తీసుకున్నాడు. పువ్వుల మధ్య ఫిబ్రవరి 9 కొట్టేసి, నవంబరు 20 అని రాశాడు.

పాలు తియ్యడానికి ఇద్దరికీ తలుపు ముట్టుకోబుద్ధి కాలేదు. టీ నల్లగానే తాగాం.