అమ్మ జ్వరం మందు, దొర పేరు

శనివారం, బతు బస్తీ

మా పద్మ కలిపిన కాక్‌టెయిల్‌కి హోటల్ పోటీలో మొదటి బహుమతి వచ్చింది, నా బంగారు తల్లి. అయినా నా ఒళ్లు మండిపోతోంది. దాన్ని పూర్వం ఎవరో ఇంగ్లీషు దొర కనిపెట్టాడని మేనేజరు మైకులో చెప్పాడు. మెనూ మీద కూడా అదే వేస్తారట.

మలేరియా వస్తే మా అమ్మ క్వినైన్ మాత్ర నూరి, అల్లం, బెల్లం, నిమ్మరసం కలిపి మాకు తాగించేది. పద్మ మాత్ర బదులు అదే క్వినైన్ చేదుండే టానిక్ సోడా పోసి జిన్ చేర్చింది, అంతే.

"దొర కథ ఉంటేనే గ్లాసు అమ్ముడవుతుంది, ఛోడో, వదిలెయ్ నాన్నా," అంది.

"మీ నాన్నమ్మ పేరు అంత చేదా?" అన్నాను.

రేపు పొద్దున్నే ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాల్సినవాళ్లు: మాయాబందర్ అన్నయ్య, రంగత్ చెల్లి, డిగ్లీపూర్ బావ. ముక్కు పట్టుకుని అమ్మ పోస్తే తాగినవాళ్లే అందరూ.