నాయన స్కానుకు ఎర్ర గీత

నాయనకు,

నీ కూతురు భువన బెంగళూరు నుంచి దండాలు పెట్టి రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పెట్టుకోవద్దు. నీ కుడి చెయ్యి కాస్తయినా లేస్తోందా? అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? అన్నా, ఇది నాయన పక్కన కూర్చుని నిదానంగా చదివి వినిపించు. మధ్యలో ఏదీ మింగేయొద్దు.

ఇక్కడ పొద్దస్తమానం తుంపరే. స్వెట్టర్ కొనుక్కున్నాను. హాస్టల్లో సాంబారులో కూడా బెల్లం వేస్తారు నాయనా! మొదటి రోజు ముద్ద నోట్లో పెట్టుకోగానే మన చెరకు గానుగ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. కారం ఎక్కువైందేమో అనుకుని పక్కనున్న పిల్ల నీళ్లిచ్చింది. ఇప్పుడు అలవాటైంది, కడుపునిండా తింటున్నాను.

నా పనేమిటని అమ్మ ఫోన్లో అడిగింది. మెదడు స్కాన్లు కంప్యూటర్లో తెరిచి, పక్షవాతం తగిలిన చోటు చుట్టూ గీత గీస్తాను. మా డాక్టరమ్మ సరిచూస్తుంది. అలాంటివి చూసి చూసి కంప్యూటర్ తనంతట తానే గుర్తుపట్టడం నేర్చుకుంటుంది.

ఈ పనిలో ఎందుకు చేరానో దాచను. పగతో చేరాను. ఆ రోజు బెల్లం పొయ్యి దగ్గర నీ మాట ముద్దయిపోయి, కాలు ఈడ్చుకుపోతే, అన్న నిన్ను జీపులో వేసుకుని చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. నీ పంచె నిండా పులిసిన చెరకురసం వాసన. అక్కడి డాక్టరు నీ చెయ్యి పట్టి చూడలేదు, ముక్కు మూసుకున్నాడు. "సారాయి తాగొచ్చినాడు. మత్తు దిగినాంక తీసుకురాపో" అన్నాడు, వరండాలో అంతమంది వింటుండగా. జన్మలో చుక్క ముట్టని మనిషివి! మరునాడు వేలూరులో స్కాన్ తీసి, ఇది పక్షవాతం, మందిచ్చే వేళ దాటిపోయింది అన్నారు. ఊరు మాత్రం నువ్వు తాగి పడ్డావనే అంటోంది. ఎవరైనా పలకరించడానికి వస్తే నువ్వు గోడవైపు తిరిగిపోతున్నావట. ఆ మాట విన్నప్పుడల్లా నా ఒళ్లు మండిపోతుంది.

ఆ కోపంలోనే మొదట్లో కనబడిన ప్రతి మసక మచ్చనూ పక్షవాతమని గీసిపారేశాను. కంప్యూటర్ నిక్షేపంగా ఉన్నవాళ్లకూ రోగం అంటగట్టసాగింది. డాక్టరమ్మది పలమనేరు. నన్ను నిలబెట్టి కడిగేసింది. "ఏమ్మే, ఎవురి మీద కోపాన్ని ఈ బొమ్మల మీద సూపిస్తా ఉండావు? ఇట్లయితే దీని మాట ఎవురు నమ్ముతారు?"

చురుక్కుమంది. నిజమే, నమ్మకం పోతే ఆ చిత్తూరు డాక్టరు కూడా నవ్వేసి లేచిపోతాడు. అన్నీ చెరిపి మళ్లీ ఒళ్లు దగ్గర పెట్టుకుని గీశాను. అతనికి తప్పించుకునే సందు ఇవ్వదలచుకోలేదు.

పోయిన వారం డాక్టరమ్మను అడిగి వేలూరులో తీసిన నీ స్కాన్ పెట్టాను. కాసేపటికి కంప్యూటర్ ఎడమ వైపు, నీ కుడి చేతిని ఆడించే చోట, ఎర్ర గీత చుట్టింది నాయనా, ఎవరూ చెప్పకుండానే! దానికి నీ పంచె కనబడదు, వాసన తెలియదు. నేను కుర్చీలోనే కూర్చుని ఏడ్చేశాను.

వచ్చే నెల దీన్ని చిత్తూరులో డాక్టర్లకు చూపిస్తారు. మన వైపుదాన్నని నన్నే పొమ్మన్నారు. పిలిచినవాళ్లలో ఆ డాక్టరూ ఉన్నాడు, వస్తానన్నాడు కూడా. ముందు నీ స్కానే పెడతాను, పేరు చెప్పకుండా. "ఇదేం రోగం సార్?" అని అతన్నే అడుగుతాను. "పక్షవాతం" అని అందరి ముందర అతని నోటితోనే అనిపించాక, ఇది ఎవరి తలకాయో చెబుతాను.

ఒక్క కోరిక. ఆ రోజు నువ్వు రావాలి. రానని తల తిప్పేయొద్దు, నా మీద ఒట్టు. అన్న ఎత్తుకుని తెస్తాడు. పొద్దున బెల్లం పొయ్యి దగ్గర కాసేపు కూర్చుని, అదే పంచెతో వచ్చి అతని పక్క కుర్చీలో కూర్చో. ముక్కు మూసుకుంటాడు. మూసుకోనీ. నీ పేరు చెప్పాక ఆ చేతిని ఎక్కడ పెట్టుకుంటాడో నేను చూడాలి.

అవ్వకు, పెదనాయనకు నా దండాలు. ఎడమ చేత్తోనే దీవించు, చాలు.

నీ కూతురు,
భువన

అమ్మా, ఊరికి పోతున్నాడని ఆ పంచె ఉతికేవు. ఉతకొద్దు.